9వ తరగతి పాపకి ఏ గ్రూపు అని అడిగిన పాకాల తండ్రికి

పాకాల నుంచి వచ్చిన ప్రశ్నని, తర్వాత చదివేవాళ్ల కోసం ముందు కుదించి చెప్తాను. మీది మోటారు వైండింగ్ అంగడి. పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో 9వ తరగతి. తెలుగు, సోషల్ 90 దాటతాయి, సైన్స్ 70ల్లో ఉంటుంది, లెక్కలు మాత్రం 60 దగ్గరే ఆగిపోతున్నాయి. తిరుపతిలో ఉండే మీ బావమరిది "ఇప్పుడే ఐఐటీ, నీట్ ఫౌండేషన్ కోచింగ్‌లో వెయ్యకపోతే ఇంటర్‌లో నిలబడలేదు, హాస్టల్ ఉన్న ప్రైవేటు బడికి మార్చేయండి" అంటున్నాడు. పెద్దయ్యాక ఏమవుతావంటే పాప "డాక్టర్" అంటుంది. సెలవొస్తే అంగడికొచ్చి మిక్సీలు, ఫ్యాన్లు విప్పుతుంది, కానీ "నా పని దానికొద్దు సార్" అని మీరే రాశారు. ఏ గ్రూపు తీసుకోవాలి, ఇప్పటికే ఆలస్యమైందా, వేలిముద్రలు చూసి కోర్సు చెప్పే టెస్టు చేయించాలా, ఇవీ మీ సందేహాలు.

నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి, చివరి కొన్నేళ్లు ప్లేస్‌మెంట్లు కూడా చూసి రిటైరయ్యాను. ఇప్పుడు చిత్తూరు, తిరుపతి జిల్లాల హైస్కూళ్ల నుంచి ఎవరైనా పిలిస్తే వెళ్లి 9, 10 తరగతుల పిల్లలతో మాట్లాడుతుంటాను. డిప్లొమా వైపు నాకు కొంత మొగ్గు ఉంటుంది. అది లెక్కలో పెట్టుకునే ఈ జవాబు చదవండి.

ఆలస్యమేమీ కాలేదు. పాప ఏ ఉద్యోగం చేస్తుందో 9వ తరగతిలోనే తేల్చాల్సిన పని లేదు. పది అయ్యాక తీసుకునే ఒక్కో దారి ఏయే తలుపులు మూసేస్తుందో తెలుసుకోవాలి. ఆలోగా నాలుగైదు రకాల పనులను పాప దగ్గర్నుంచి చూడాలి. మన ఇళ్లల్లో ఈ రెండోది అసలు జరగదు. కోర్సు గురించి, కాలేజీ గురించి, ఫీజు గురించి, ప్యాకేజీ గురించి రాత్రుళ్లు కూర్చుని మాట్లాడతాం. ఆ కోర్సు చదివినవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఏం చేస్తారో మాత్రం ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. రెండో సంవత్సరం డిప్లొమాలోకి వచ్చాక "సార్, ఈ బ్రాంచి అంటే ఇదని నాకు తెలీదు" అన్న పిల్లలు నా దగ్గరికి ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చారు. వాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. ఎవరూ చూపించలేదు, అంతే.

వేలిముద్రల టెస్టు సంగతి ముందే తేల్చేస్తాను. వద్దు. వేళ్ల గీతలు చూసి తెలివితేటలో, సరిపోయే చదువో చెప్పవచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. రంగురంగుల రిపోర్టు ఇస్తారు, అందులో ఏ పిల్లకైనా అతికే మాటలే ఉంటాయి. ఆ డబ్బుతో పాపకి సొంతంగా ఒక మల్టీమీటర్ కొనివ్వండి. టెస్టే కావాలనుకుంటే సీబీఎస్‌ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి 9, 10 తరగతుల పిల్లల కోసం తయారుచేసిన 'తమన్నా' ఉంది. డబ్బు కట్టక్కర్లేదు. భాష, అంకెలు, తర్కం, యంత్రాల తీరు అర్థం చేసుకోవడం, ఒక ఆకారాన్ని మనసులోనే తిప్పి చూడటం లాంటి ఏడు విషయాల్లో పిల్ల ఎక్కడుందో కొంత తెలుస్తుంది. పాస్, ఫెయిల్ ఉండవు. నువ్వు ఫలానా ఉద్యోగానికే పుట్టావని అది చెప్పదు. అలా చెప్పే టెస్టు ఏదైనా సరే నమ్మకండి.

ఇక "డాక్టర్". ఆ మాటను కొట్టిపారేయకండి, అలాగని దాన్ని పట్టుకుని రేపే బైపీసీ అని రాసిపెట్టుకోకండి. ఏ బడిలో అడిగినా నాకు వినిపించేవి అవే పేర్లు: డాక్టర్, టీచర్, పోలీసు, కలెక్టర్, సాఫ్ట్‌వేర్. పిల్లలకి తెలిసినవి అవే కాబట్టి అవే చెప్తారు. నీట్ ఏటా 20 లక్షల మందికి పైగా రాస్తున్నారు, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అందులో ప్రభుత్వ ఫీజుతో దొరికేవి ఇంకా తక్కువ. పాపకి నిజంగా ఆ కోరిక ఉంటే అడ్డు చెప్పమని నేననను. కానీ ఆ కోరిక దేని మీదో ముందు తెలుసుకోండి. రోగులతో మాట్లాడటం ఇష్టమా? శరీరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం ఇష్టమా? ఊళ్లో ఆ పేరుకున్న మర్యాద ఇష్టమా? మూడింటికీ జవాబులు వేరు.

ఈసారి మీ ఇంట్లో ఎవరికైనా చూపించడానికి తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లాల్సి వస్తే పాపని కూడా తీసుకెళ్లండి. ఓపీ దగ్గర కూర్చున్నంత సేపు డాక్టర్ కాకుండా ఇంకా ఎంతమంది పనిచేస్తున్నారో చూసి రాసుకోమనండి. నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసేవాళ్లు, డయాలసిస్ టెక్నీషియన్, అనస్థీషియా టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు, ఫార్మసిస్టు. అన్నిటికన్నా మీ పాపకి చూపించాల్సిన మనిషి ఒకరున్నారు: వెంటిలేటరో డయాలసిస్ మెషినో ఆగిపోతే వచ్చి విప్పి బాగుచేసేవాళ్లు. దాన్ని బయోమెడికల్ అంటారు. డిప్లొమాలోనూ ఉంది, బీటెక్‌లోనూ ఉంది. ఆసుపత్రీ కావాలి, మిక్సీ విప్పడమూ కావాలి అనే పిల్లకి అలాంటి పని ఒకటుందని తెలిస్తే చాలు, మిగతాది తనే వెతుక్కుంటుంది.

బడి మార్చడం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: ఈ పాపని మార్చకండి. హాస్టల్ బడులన్నీ చెడ్డవని కాదు. ఐఐటీ ఇప్పటికే పాప మనసులో ఉండి, లెక్కలంటే పడిచచ్చే పిల్ల అయితే మాట వేరు. మీ పాప విషయంలో లాభం తేలీదు, నష్టం మాత్రం ఖాయంగా కనపడుతోంది. ఇడుపులపాయ, నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారు, రెండేళ్లు ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకేచోట. రోజూ ఇంటి నుంచి వెళ్లి ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివే పిల్లలకి అక్కడ 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. సీటు పాయింట్లలో తేలిపోయే చోట 4 శాతమంటే మాటలు కాదు. ఆ వీలుని మీరే డబ్బు కట్టి వదులుకుంటారా? ఎనిమిదిలో పాప ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి ఎంపికై ఉంటే, 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12 వేల రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. ప్రైవేటు బడికి మారితే అది ఆగిపోతుంది. మీ ఉత్తరంలో దాని ఊసు లేదు, బడిలో ఒకసారి అడగండి.

బావమరిదితో గొడవ పడకండి. ఆయన చెప్పే భయంలో ఒక నిజముంది: ఇంటర్ ఎంపీసీలో తొమ్మిది, పది తరగతుల లెక్కలు గట్టిగా లేని పిల్లలు మొదటి ఏడాదే జారిపోతారు. దానికి మందు లెక్కలు గట్టిపరచడం. ఊరు మారినంత మాత్రాన అది జరగదు.

కాబట్టి లెక్కల దగ్గరికి వద్దాం. 60 మార్కులు అంటే నాకేమీ అర్థం కాదు. ఏ 40 పోయాయో కావాలి. పాప పాత జవాబు పత్రాలు బడి నుంచి అడిగి తెచ్చి ముందు పెట్టుకోండి. పోయిన మార్కులు జామెట్రీలోనా, బీజగణితంలోనా, లేక పద్ధతి తెలిసి కూడా కూడికలు తప్పయ్యాయా? నేను చూసిన పిల్లల్లో చాలామందికి పోయేవి బీజగణితంలో. గుర్తు అటుదిటు చేసేటప్పుడు మైనస్ మర్చిపోవడం, సమీకరణంలో ఏది దేనికి సమానమో తెలియకుండా మెట్లు బట్టీ పట్టడం. ఇది రెండు మూడు నెలల్లో దిద్దుకోగలిగే లోటు. ట్యూషన్ పెట్టినా, బడిలో మేడమ్‌ని బతిమాలినా, ఏడో తరగతి పుస్తకం దగ్గర్నుంచి మొదలుపెట్టమనండి. సిగ్గుపడక్కర్లేదు.

ఇంకో పరీక్ష మీ అంగట్లోనే ఉంది. దీన్ని నేను ఏ ప్రింటెడ్ టెస్టు కన్నా ఎక్కువ నమ్ముతాను. పాపకి రెండు మోటార్ల నేమ్‌ప్లేట్లు చూపించండి, ఒకటి నిమిషానికి 2,800 చిల్లర తిరిగేది, ఒకటి 1,400 చిల్లర తిరిగేది. రెండూ అదే కరెంటు మీద నడుస్తుంటే ఈ తేడా ఎందుకని అడగండి. 120ని 50తో (మన కరెంటు ఫ్రీక్వెన్సీ) గుణించి పోళ్ల (మోటారులోని అయస్కాంత ధ్రువాల) సంఖ్యతో భాగించమనండి. రెండు పోళ్లకి 3,000, నాలుగు పోళ్లకి 1,500 వస్తుంది. మరి ప్లేటు మీద కాస్త తక్కువ ఎందుకుంది? జవాబు చెప్పకుండా వదిలేయండి. ఆ తర్వాత 36 స్లాట్ల (తీగ చుట్టే గాళ్ల) స్టేటర్, అంటే మోటారులో తిరగని భాగం, ఒకటి ముందు పెట్టి, నాలుగు పోళ్లయితే ఒక్కో పోలుకి ఎన్ని స్లాట్లు, మూడు ఫేజులకి పంచితే ఒక్కో ఫేజుకి ఎన్ని అని అడగండి. తొమ్మిది, మూడు అని వెంటనే చెప్పొచ్చు, కాసేపు తీసుకోవచ్చు, అది ముఖ్యం కాదు. రెండు రోజుల తర్వాత తనంతట తనే వచ్చి "నాయనా, ఆ తక్కువ తిరగడం ఎందుకు?" అని అడిగిందా? అడిగితే అది విప్పే సరదాని దాటింది. అడగకపోతే, చేతిపని ఇష్టం కానీ దాని వెనకున్న లెక్క మీద ఇంకా గాలి మళ్లలేదని అర్థం. రెండూ తెలుసుకోదగ్గ సంగతులే. ప్లగ్ తీయడం, కెపాసిటర్ డిశ్చార్జ్ చేశాకే ముట్టుకోవడం మీకు నేను చెప్పాల్సిన పని లేదు, పాప చేత మాత్రం ప్రతిసారీ పైకి అనిపించండి.

"నా పని దానికొద్దు" అన్నారు. వేసవిలో బోరు మోటార్లు కాలిపోయి అర్ధరాత్రి రైతులు తలుపు కొట్టడం, వార్నిష్ వాసన, అప్పు పెట్టి తీసుకెళ్లినవాళ్లు కనపడకపోవడం, అవన్నీ మీరు పడుతున్నారు కాబట్టి ఆ మాట అన్నారు. కానీ అంగడి వేరు, అందులో ఉన్న విద్య వేరు. అదే విద్యకి తిరుపతిలో ప్రధాన కార్యాలయం ఉన్న పెద్ద సంస్థ ఒకటుంది, మన కరెంటు బిల్లు వచ్చేది దాని నుంచే, ఏపీఎస్పీడీసీఎల్. ఐటీఐ ఎలక్ట్రికల్ చదివినవాళ్లు అక్కడ లైన్ మీద పనిచేస్తారు. డిప్లొమా చదివినవాళ్లు సబ్ ఇంజనీర్ అవుతారు. బీటెక్ వాళ్లు అసిస్టెంట్ ఇంజనీర్. ఒకే సబ్‌స్టేషన్, మూడు చదువులు, మూడు రకాల రోజులు. ఇస్రో కూడా అంతే. శ్రీహరికోట అనగానే సైంటిస్టే గుర్తొస్తాడు. పది తర్వాత ఐటీఐ చేసినవాళ్లకి అక్కడ టెక్నీషియన్ పోస్టులు, డిప్లొమా ఫస్ట్ క్లాసు వాళ్లకి టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులు, బీటెక్ వాళ్లకి సైంటిస్ట్/ఇంజనీర్ పోస్టులు పడతాయి. ఫైర్‌మెన్, వంటవాళ్లు, డ్రైవర్లకి కూడా నోటిఫికేషన్లు వస్తాయి. పోటీ అన్నిటికీ గట్టిదే. పిల్లలకి నేను చెప్పేది ఇదే: ముందు ఏ చోట, ఏ రకం పని అన్నది చూడండి, ఆ తర్వాత ఏ మెట్టు నుంచి ఎక్కాలో వెతుకుదాం.

చూపించడానికి మీరు దూరం పోనక్కర్లేదు. గాదంకి మీకు ఎంత దూరం? జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడే ఉంది, ఎంఎస్టీ రాడార్‌తో నేల మీద కూర్చుని పైన వాతావరణంలో గాలి ఎటు ఎంత వేగంతో పోతోందో కొలుస్తారు. రోజూ బస్సులో ఆ దారిన పోయే పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఫిబ్రవరి 28న సైన్స్ డే, ఇలాంటి సంస్థలు ఆ రోజుల్లో బడి పిల్లల్ని రానిస్తుంటాయి, మీ సైన్స్ టీచర్ చేత ముందే ఉత్తరం రాయించండి. పాకాల జంక్షన్‌లోనే రైల్వే వాళ్లున్నారు: సిగ్నల్ చూసేవాళ్లు, ట్రాక్ చూసేవాళ్లు, స్టేషన్ మాస్టరు. మీ అంగడికి మోటారు తెచ్చే రైతుల్లో ఎవరి కొడుకో కూతురో శ్రీసిటీ పారిశ్రామికవాడలోనో, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లోనో పనిచేస్తుంటారు. సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు ఒక గంట కూర్చోబెట్టండి. తిరుపతిలో వ్యవసాయ కళాశాల, పశువైద్య విశ్వవిద్యాలయం, టీటీడీ నడిపే శిల్ప కళాశాల, వంట నేర్పే ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్. ఇన్ని రకాల చదువులు గంట, గంటన్నర ప్రయాణంలో ఉన్న ఊళ్లు రాష్ట్రంలో ఎక్కువ లేవు. తిరుపతి వైపు వెళ్లినప్పుడల్లా వీటిలో కొన్నిటి గేట్ల ముందు నుంచే వెళ్తాం, ఒక్కసారి కూడా దిగం.

కలిసిన మనిషిని ఏం అడగాలో పాపకి ముందే చెప్పండి. "మీ జాబ్ బాగుంటుందా?" అని అడిగితే "బాగుంటుందమ్మా, బాగా చదువుకో" అనే జవాబే వస్తుంది. "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని అడగమనండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. ఎంత సేపు నిలబడాలి, ఎంత సేపు కంప్యూటర్ ముందు, ఎవరు తిడతారు, నైట్ షిఫ్ట్ ఎన్ని రోజులకొస్తుంది, చేరినప్పుడు జీతమెంత (ఇప్పటిది కాదు, చేరినప్పటిది), పది తర్వాత ఏం చదివి ఇక్కడికొచ్చారు. ఒక నోటుబుక్ పెట్టి ఒక్కో మనిషికి ఒక్కో పేజీ రాయిస్తే, ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకమే మీ ఇంటి కౌన్సెలర్ అవుతుంది. చివర్లో "ఈ పని నేను చేస్తానా, ఎందుకు చెయ్యను?" అని పాప మాటల్లోనే రెండు ముక్కలు ఉండాలి. "చెయ్యను" అని వచ్చిన పేజీలకి విలువ తక్కువనుకోకండి.

శ్రీసిటీ గురించి ఒక మాట. డిప్లొమా అయ్యాక అక్కడ చేరిన మా పిల్లల్లో కొంతమంది మొదటి ఏడాదే వదిలేసి వచ్చారు. లైన్ మీద నిలబడి ఒకే పని, షిఫ్టులు, హాస్టల్ కూడు. నిలబడినవాళ్లు రెండు మూడేళ్లకి క్వాలిటీకో మెయింటెనెన్స్‌కో మారి బాగున్నారు. నోటిఫికేషన్‌లో ఇవి రాయరు, వెళ్లొచ్చినవాళ్లే చెప్పాలి.

మరి మూసుకునే తలుపుల సంగతి. బయాలజీ లేకుండా ఎంపీసీ ఒక్కటే తీసుకుంటే నీట్ దారి మూసుకుంటుంది, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, డిఫెన్స్, డిగ్రీలు తెరిచే ఉంటాయి. బైపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్ దాదాపు అంతా, ఆర్కిటెక్చర్ పోతాయి, వైద్యం, వ్యవసాయం, ఫార్మసీ, పశువైద్యం వైపు ఉంటాయి. వ్యవసాయం, ఫార్మసీ సీట్లకి ఈఏపీసెట్ రాయాలి. రెండూ వదులుకోలేనివాళ్ల కోసం బైపీసీతో పాటు మ్యాథ్స్ కూడా చదివే వీలు ఇంటర్ బోర్డు 2025-26 నుంచి తెచ్చింది, కానీ మీ పాప లెక్కల బరువు చూసి అది నేను సలహా ఇవ్వను. సీఈసీ అంటే మార్కులు రానివాళ్ల గ్రూపు అనుకోవడం మన వైపు పెద్ద జబ్బు. సోషల్, తెలుగు 90 దాటే పిల్లకి లా, టీచింగ్, బ్యాంకులు, గ్రూప్స్, సీఏ అన్నీ అక్కడి నుంచే వెళ్లొచ్చు. సివిల్స్‌కి, గ్రూప్స్‌కి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, ఏ గ్రూపు అని అడగరు. "గవర్నమెంటు ఉద్యోగం కావాలి కాబట్టి ఎంపీసీ" అనే మాటకి అర్థం లేదు.

డిప్లొమా నా ఇలాకా కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. పాలిసెట్ పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మీద 120 మార్కుల పరీక్ష. మూడేళ్ల చదువు. ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, అంటే మూడు, మూడు, ఆరేళ్లు. ఇంటర్ నుంచి వెళ్లినా రెండు, నాలుగు, ఆరేళ్లే. కాలం ఒక్కటే, కానీ డిప్లొమా పిల్లకి మధ్యలో ఆగి ఉద్యోగం చూసుకునే మెట్టు ఒకటి దొరుకుతుంది, ల్యాబ్ అనుభవం ఉంటుంది. లోపం కూడా చెప్పాలి. బీటెక్‌లోకి వెళ్లాక ఇంటర్ లెక్కలు గట్టిగా చదివి వచ్చినవాళ్ల పక్కన కూర్చోవాలి, అక్కడ డిప్లొమా పిల్లలు చాలామంది తడబడతారు. అందుకే మళ్లీ లెక్కల దగ్గరికే వస్తున్నాను. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ రెండింట్లో దేనికైనా బీజగణితం లేకుండా కుదరదు. తిరుపతిలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ఆడపిల్లల కోసం టీటీడీ నడిపే పద్మావతి మహిళా పాలిటెక్నిక్ ఉంది. ఏ బ్రాంచి ఎక్కడుందో ఆ ఏడాది కౌన్సెలింగ్ పుస్తకంలో చూసుకోండి. ఆడపిల్లకి ఎలక్ట్రికల్ ఎందుకని ఊళ్లో ఒకరిద్దరు అంటారు. మా క్లాసుల్లో వైరింగ్ నీట్‌గా చేసేవాళ్లు ఎక్కువ ఆడపిల్లలే, నా కళ్లతో చూశాను.

మీ పాప మార్కులు, మీరు రాసిన సంగతులు కలిపి చూస్తే నాకు రెండు దారులు సమానంగా కనపడుతున్నాయి. ఒకటి చేతులతో, యంత్రాలతో ముడిపడ్డది. రెండోది భాష, సమాజం మీద నడిచేది, అంటే లా, టీచింగ్, పరిపాలన లాంటివి. డాక్టర్ దారి మూడోది, అది పాప నోట వచ్చింది కాబట్టి చూసి తీరాలి. మీరు మొదటిదాన్నీ రెండోదాన్నీ చిన్నచూపు చూస్తున్నారు, ఒకటి మీ పని కాబట్టి, ఇంకోటి "ఆర్ట్స్" కాబట్టి. పాప దగ్గర ఆ చూపు బయటపెట్టకండి. పదిహేనేళ్ల పిల్ల ఇంట్లో వాళ్ల మొహం చూసి జవాబు మార్చేస్తుంది. ఇంతకీ ఆమె సోషల్‌లో ఏది ఇష్టంగా చదువుతోంది, చరిత్రా, భూగోళమా, పౌరశాస్త్రమా? అదీ అడిగి చూడండి. మండల కార్యాలయంలోనో, తిరుపతి కోర్టులోనో తెలిసినవాళ్లుంటే ఒక పూట ఆ పని కూడా చూపించండి. కోర్టు సినిమాల్లో లాగ ఉండదు, వాయిదాలు, కాగితాలు, ఎదురుచూపులే ఎక్కువ. అది చూసి కూడా ఇష్టపడితే అది నిజమైన ఇష్టం.

ఈ ఏడాదే చెయ్యాల్సింది ఒకటుంది. ఇస్రో వాళ్ల 'యువికా' కార్యక్రమం 9వ తరగతి పిల్లలకే. వచ్చే ఏడు పాపకి అర్హత ఉండదు. వేసవిలో రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో ఉంచుకుని చూపిస్తారు, శ్రీహరికోట కూడా అందులో ఉంటుంది. గ్రామీణ బడుల పిల్లలకి ఎంపికలో అదనపు మార్కులున్నాయి. నోటిఫికేషన్ మామూలుగా ఏడాది మొదట్లో వస్తుంది, హెడ్‌మాస్టరు సంతకాలు కావాలి కాబట్టి ఇప్పుడే చెప్పి ఉంచండి. సీటు రాకపోయినా దరఖాస్తు నింపడం, సర్టిఫికెట్లు సర్దుకోవడం అలవాటవుతుంది. మన పిల్లలు సగం అవకాశాలు పోగొట్టుకునేది అక్కడే: ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఒకలా ఉండటం, కులం, ఆదాయం సర్టిఫికెట్లు చివరి రోజున పరుగెత్తి తెచ్చుకోవడం. ఆ తప్పులు ఈ వేసవిలోనే సరిచేయించండి.

పదో తరగతి అయ్యాక పాలిసెట్, ఏపీఆర్‌జేసీ (గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశ పరీక్ష) రెండూ రాయించండి, ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టండి. రాసినంత మాత్రాన చేరాలని లేదు. జూన్ నాటికి చేతిలో రెండు మూడు దారులుండి, నోటుబుక్‌లో పాతిక పేజీలుంటే, పాపే కూర్చుని ఎంచుకోగలదు. మీరు ఫీజు, దూరం, హాస్టల్ సంగతి చెప్పండి, దాపరికం లేకుండా, అంకెలతో. ఇంట్లో డబ్బెంతుందో తెలిసిన పిల్లలు మనం అనుకున్నదాని కన్నా బాగా ఆలోచిస్తారు. ఎంచుకున్నది కుదరకపోతే ఒక ఏడాది వెనక్కి పోతుంది. పోనివ్వండి, డిప్లొమా మొదటి ఏడాది వదిలి ఇంటర్‌కి వెళ్లినవాళ్లు, బైపీసీ చదివి డిగ్రీలో బీఏకి మారినవాళ్లు నాకు తెలుసు, ఎవరూ పాడైపోలేదు.

జవాబు పత్రాలు చూశాక లెక్కల్లో ఏ భాగం పోయిందో ఇక్కడే రాయండి, వీలైతే ఆ మోటారు ప్రశ్నకి పాప ఏమందో కూడా. బీజగణితమే అయితే ఏ అధ్యాయం నుంచి మొదలుపెట్టాలో చెప్తాను. డిప్లొమా బ్రాంచీల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.